150 డిగ్రీల్లో బతికే జీవి నిజంగా ఉందా? అయితే మరిగించిన నీళ్లను నమ్మొచ్చా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుని మొదలుపెడతాను. మీది దేవరకొండ వైపు. మే నెల వస్తే ఇంటి వెనక బండ మీద కాలు పెట్టలేరు. 150 డిగ్రీల వేడిని కూడా తట్టుకునే జీవి ఉందని తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి వీడియోలో చూశాడు. "మరి నీళ్లు మరిగేది 100 డిగ్రీలకే కదా, క్రిములు చస్తాయని ఎట్లా నమ్ముతారు?" అని అడిగాడు. మీ దగ్గర జవాబు లేక ఇక్కడ అడిగారు. చాలా మంచి ప్రశ్న అడిగాడు బాబు. నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ యంత్రం పక్కన నిలబడి చాలా ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. తీరిక చూసుకుని చదవండి, వీలైతే బాబుతో కలిసి చదవండి.

ముందు సూటిగా జవాబు. ఆ జీవి ఉంది, దాని పేరు టార్డిగ్రేడ్. ఆ అంకె కూడా గాలికి పుట్టింది కాదు. కానీ అది 150 డిగ్రీల్లో తిరగదు, తినదు, గుడ్లు పెట్టదు. పూర్తిగా ఎండిపోయి, ప్రాణం ఉందో లేదో తెలియని స్థితిలో కొన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది, అంతే. తడిగా, చురుగ్గా ఉన్నప్పుడు అదే జీవి మన నల్గొండ వేసవికే ప్రాణం విడుస్తుంది. ఇక మరిగించిన నీళ్లను తాగడానికి నిశ్చింతగా నమ్మండి. మరిగించినా చావనివి కొన్ని ఉన్న మాట నిజమే. వాటితో ప్రమాదం మాత్రం తాగే నీళ్లలో కన్నా అన్నం గిన్నెలో, గాయంలో, పసిపిల్లల నోట్లో పెట్టే తేనెలో ఎక్కువ. అక్కడికి తర్వాత వస్తాను.

వేడి గురించి ఎవరు ఏ అంకె చెప్పినా మూడు ప్రశ్నలు అడగమని నేను పిల్లలకు నేర్పేదాన్ని. అది తడి వేడా, పొడి వేడా? ఎంతసేపు? ఆ వేడిలో ఆ జీవి పెరిగిందా, లేక ఊరికే చావకుండా మిగిలిందా? ఈ మూడూ లేకుండా అంకె ఒక్కటే చెబితే దానితో ఏమీ తేలదు.

తడికీ పొడికీ ఉన్న తేడా ల్యాబులో రోజూ కనిపిస్తుంది. ఆటోక్లేవ్‌లో ఆవిరితో అయితే 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే గాజు సామాను శుద్ధి అయిపోతుంది. అదే సామాను హాట్ ఎయిర్ ఓవెన్‌లో పొడి వేడితో శుద్ధి చేయాలంటే 160 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి. చంపాల్సిన క్రిములు రెండు చోట్లా అవే. నీళ్లు తగిలితే ప్రొటీన్ల మడతలు తొందరగా విడిపోయి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. కోడిగుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గడ్డకట్టడం మొదలవుతుంది, చల్లార్చినా మళ్లీ పలచబడదు. మామూలు క్రిమి ఒంట్లోని ప్రొటీన్లకూ జరిగేది ఇదే. నీళ్లు లేనిచోట ఆ పని చాలా నెమ్మదిగా సాగుతుంది.

ఇంకో మాట కూడా బాబుకు చెప్పండి. మన జిల్లాలో 45 దాటింది, 46 దాటింది అని టీవీలో చెప్పేది గాలి ఆడే తెల్లపెట్టెలో, నీడలో, నేలకు ఎత్తుగా పెట్టిన థర్మామీటర్ చూపించే అంకె. ఆ సమయానికి నేరుగా ఎండ తగిలే మీ బండ 60 దాటి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మన ఒంటికి మాత్రం 37 దాటి నాలుగైదు డిగ్రీలు పెరిగితే చాలు, మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2015 మే వడగాడ్పుల్లో మన నల్గొండ ఎంతమందిని పోగొట్టుకుందో మనకు తెలుసు. కాబట్టి ఏ జీవికి ఎంత హద్దు అనే విషయాన్ని వింతగా చూసి వదిలేయకూడదు.

ఇప్పుడు వీడియోలోని జీవి సంగతి. టార్డిగ్రేడ్‌కు ఎనిమిది కాళ్లు, పొడవు దాదాపు అర మిల్లీమీటరు. నాచులో, తడి మట్టిలో, చెరువు అడుగున ఉంటుంది. నాచు ఎండిపోతే ఇది కాళ్లు లోపలికి ముడుచుకుని చిన్న గుళికలా మారిపోతుంది. ఒంట్లోని నీళ్లు దాదాపు అన్నీ పోతాయి, శ్వాస కూడా ఆగిపోయినట్టే ఉంటుంది. 150 అనే అంకె ఈ గుళిక మీద వందేళ్ల కిందట చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. అక్కడ వేడి తగిలింది కొద్ది నిమిషాలే. 2020లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు మళ్లీ జాగ్రత్తగా కొలిచారు. ఎండిన గుళికలను గంటసేపు వేడిలో ఉంచితే, సుమారు 83 డిగ్రీల దగ్గర సగం చచ్చిపోయాయి. 24 గంటలు ఉంచితే 63 డిగ్రీలకే సగం పోయాయి. నీళ్లలో తిరుగుతున్న టార్డిగ్రేడ్‌లకైతే 24 గంటల పాటు 37 డిగ్రీలు చాలు, సగం చచ్చాయి. అంటే మన ఒంటి వేడి. ఈ ఒక్క ప్రయోగంలోనే నేను చెప్పిన మూడు ప్రశ్నలకూ జవాబులున్నాయి. వీడియోలు మొదటి అంకె మాత్రమే చెప్పి వదిలేస్తాయి.

ఎండి బతకడంలో టార్డిగ్రేడ్ ఒక్కటే లేదు. ఆఫ్రికాలో బండల మీది గుంటల్లో ఉండే ఒక రకం ఈగ పిల్లపురుగు, పాలిపెడిలమ్ దాని పేరు, పూర్తిగా ఎండిన స్థితిలో 100 డిగ్రీలు దాటిన వేడిని నిమిషం పాటు తట్టుకుంటుందని 1960లోనే తేలింది. దాని ఒంట్లో ట్రెహలోజ్ అనే చక్కెర నిండిపోతుంది. పాకం ముదిరి అచ్చులో బిగుసుకున్నట్టు, ఆ చక్కెర ఎండుతున్న కొద్దీ గాజులా గట్టిపడి లోపలి ప్రొటీన్లను కదలకుండా పట్టి ఉంచుతుంది. నీళ్లు తగలగానే కరిగిపోతుంది, పురుగు మళ్లీ కదులుతుంది.

ఇక అసలైన వేడి ప్రేమికుల దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇది. వీటికి వేడి ఓర్చుకోవాల్సిన కష్టమేమీ కాదు. వేడి తగ్గితేనే వీటికి ఇబ్బంది.

1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు వేడినీటి ఊటల్లో శాస్త్రవేత్త థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ కలిసి ఒక బాక్టీరియాను పట్టుకున్నారు. 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే ఆ బాక్టీరియాకు 1969లో థర్మస్ ఆక్వాటికస్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా 60 డిగ్రీల పైన జీవులు దాదాపు ఉండవన్నదే పుస్తకాల్లో మాట. ఈ బాక్టీరియాలోని ఒక ఎంజైమ్‌కు, అంటే కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీన్‌కు, టాక్ పాలిమరేజ్ అని పేరు. అది డీఎన్‌ఏను నకలు చేస్తుంది. 1983లో అమెరికా శాస్త్రవేత్త కారీ మల్లిస్, కొద్దిపాటి డీఎన్‌ఏను కోట్ల నకళ్లుగా పెంచే పీసీఆర్ పద్ధతి కనిపెట్టారు. అందులో డీఎన్‌ఏ రెండు పోగులనూ విడదీయడానికి ప్రతి విడతలో 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. మామూలు ఎంజైమ్ అయితే ప్రతిసారీ పాడైపోతుంది, కొత్తది పోయాలి. టాక్ వచ్చాక ఒక్కసారి వేస్తే ముప్పై, నలభై విడతలు నడిచింది. మల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. కరోనా రోజుల్లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ పరీక్ష ఇదే కుటుంబం. ఉపయోగం ఏమీ ఆశించకుండా ఒక వేడి ఊటలోకి తొంగిచూసిన మనిషి వల్ల ఇన్ని కోట్ల పరీక్షలు జరిగాయని చెప్పినప్పుడు, క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తేవాళ్లు.

ఎల్లోస్టోన్ చాలా దూరం అనిపిస్తే, మన దేశంలోనూ ఉన్నాయి. హిమాచల్‌లోని మణికరణ్‌లో ఊట నీళ్లలోనే గురుద్వారా వాళ్లు అన్నం, పప్పు ఉడికిస్తారు. ఆ నీళ్లలో థర్మస్ జాతి బాక్టీరియాను మన శాస్త్రవేత్తలు వేరుచేశారు. లద్దాఖ్‌లో పూగా లోయ ఉంది. మన తెలంగాణలోనే మణుగూరు ప్రాంతంలో బోరు వేస్తే వేడినీళ్లు వచ్చే ఊళ్లున్నాయి. మన నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్ నేలలో మాత్రం వేడి ఊటలు లేవు. మన వేడి అంతా పైనుంచి వచ్చేదే.

ఎవరికి ఎంత హద్దు అనేది స్థూలంగా ఇట్లా ఉంటుంది. జంతువుల్లో 50 డిగ్రీల దగ్గర చురుగ్గా నిలిచేవి చాలా కొద్ది. బూజుల్లో, నాచుల్లో 60 డిగ్రీలు దాటి పెరిగేవి దాదాపు లేవు. ఎండతో ఆహారం తయారు చేసుకునే జీవుల హద్దు 73 డిగ్రీల దగ్గర, అది కూడా వేడి ఊటల్లో ఉండే ఒక నీలి ఆకుపచ్చ బాక్టీరియాది. అక్కడి నుంచి పైకి కొన్ని బాక్టీరియాలు, ఇంకా పైకి వెళ్తే ఆర్కియాలు మాత్రమే. ఆర్కియాలు చూడ్డానికి బాక్టీరియాల్లాగే ఉంటాయి గానీ వేరే వంశం. ఆ సంగతి 1977లో కార్ల్ వోస్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

అదే 1977లో పసిఫిక్ సముద్రంలో గలపాగోస్ దగ్గర, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లు సముద్రం అడుగున వేడి ఊటలు చూశారు. రెండేళ్లకు, 1979లో, మెక్సికో తీరానికి దూరంగా నల్లటి పొగలా నీళ్లు చిమ్మే రాతి గొట్టాలు కనిపించాయి. వాటిలోంచి వచ్చే నీళ్లు 350 డిగ్రీలు దాటి ఉన్నాయి. రెండు, మూడు కిలోమీటర్ల లోతు నీటి బరువు కింద ఒత్తిడి అంత ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవి మరగవు. మన ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 100 దాటి వేడెక్కడానికి కారణమూ ఒత్తిడే.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. 1983లో జాన్ బరోస్, ఆయన సహచరి జోడీ డెమింగ్ ఆ ఊటల బాక్టీరియాను 250 డిగ్రీల్లో పెంచామని ప్రకటించారు. పెద్ద పత్రికలోనే వచ్చింది. 1984లో వేరే శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. ఆ వేడిలో ప్రొటీన్లు, డీఎన్‌ఏ, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీ అన్నీ నిలవకుండా విరిగిపోతాయని, పెరిగినట్టు కనిపించింది ప్రయోగంలోని పదార్థాల వల్లేనని తేల్చారు. ఇంటర్నెట్‌లో 250 అనే అంకె ఇప్పటికీ తిరుగుతోంది. బాబు దాన్ని చూస్తే నమ్మొద్దని చెప్పండి.

నిలబడిన రికార్డులు ఇవి. 1997లో జర్మనీలో కార్ల్ స్టెటర్ బృందం పైరోలోబస్ ఫ్యూమరీ అనే ఆర్కియాను వర్ణించింది. 113 డిగ్రీల దాకా పెరుగుతుంది, 90 కన్నా తగ్గితే పెరగదు. 2003లో అమెరికాలో కాజెమ్ కషేఫీ, డెరెక్ లవ్లీ స్ట్రెయిన్ 121 అనే ఆర్కియాను చూపించారు. ఆ పేరు చూడగానే ల్యాబు మనిషికి ఒళ్లు జలదరిస్తుంది. 121 డిగ్రీలంటే మేం అన్నిటినీ చంపేందుకు వాడే ఆటోక్లేవ్ వేడి. అది ఆ వేడిలో 24 గంటలున్నా చావలేదు సరికదా, రెట్టింపయింది. 130 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచితే పెరగలేదు, కానీ చావలేదు కూడా. వేడి తగ్గించి 103కు తెచ్చాక మళ్లీ పెరిగింది. తర్వాత దానికి జియోజెమ్మా బరోసీ అని పేరు పెట్టారు, ఆ 1983 నాటి బరోస్ గౌరవార్థం. 2008లో జపాన్‌కు చెందిన కెన్ తకాయ్ బృందం ఇంకో డిగ్రీ పైకి, 122కు వెళ్లింది. ఆ జీవి పేరు మెథనోపైరస్ కాండ్లెరీ, అది దొరికింది మన హిందూ మహాసముద్రం అడుగున, కైరేయ్ అనే ఊటల దగ్గర. 122 అంకె ఎక్కువ ఒత్తిడిలో పెంచితే వచ్చింది. పెరగడం, పిల్లలు పెట్టడం వరకు చూస్తే ఈ రోజుకు రికార్డు ఇదే. 150 డిగ్రీల దగ్గర జీవించే జీవి ఏదీ ఇప్పటిదాకా దొరకలేదు.

బాబుకు తప్పకుండా వచ్చే అనుమానం: ఆటోక్లేవ్‌లో చావని క్రిమి ఆస్పత్రిలోకి వస్తే? రాదు, వచ్చినా ఏమీ చేయలేదు. 85 డిగ్రీల కన్నా తక్కువలో అది పెరగనే పెరగదు. మన ఒంటి వేడి దానికి గడ్డకట్టే చలితో సమానం.

ఇవి అంత వేడిలో ఎలా నిలుస్తాయి? వాటి ప్రొటీన్లు మన ప్రొటీన్ల లాంటివే, అవే అమైనో ఆమ్లాలు. కాకపోతే బిగుతుగా మడిచి ఉంటాయి, లోపల ధన, రుణ ఆవేశాలున్న భాగాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోట్లు ఎక్కువ. డీఎన్‌ఏ విడిపోకుండా రివర్స్ గైరేజ్ అనే ఎంజైమ్ దాన్ని అదనంగా మెలిపెడుతుంది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో మనకు రెండు వరసలుంటాయి, వేడికి జారి విడిపోతాయి. ఈ ఆర్కియాల్లో చాలావాటికి రెండు వరసలూ కలిసిపోయి ఒకే పొరగా అతుక్కుని ఉంటాయి, ఆ అతుకు కూడా వేడికి తేలిగ్గా తెగని రకం. ఇన్ని ఏర్పాట్లున్నా ఏటీపీ లాంటి చిన్న అణువులు విరగడం ఒక దశ దాటాక ఆగదు. అందుకే హద్దు 150 లోపే ఎక్కడో ఉంటుందని చాలామంది అంచనా.

కంటికి కనిపించే జీవుల గురించి క్లుప్తంగా చెప్తాను. సముద్రపు వేడి గొట్టాలకు అతుక్కుని ఉండే పాంపీ పురుగు తోక దగ్గర 80 డిగ్రీలు, తల దగ్గర 22 డిగ్రీలు ఉన్నట్టు 1998లో కొలిచారు. 2013లో ఆ పురుగులను ఒత్తిడి తగ్గకుండా పైకి తెచ్చి పరీక్షిస్తే, 50 దాటాక చచ్చిపోయాయి. అది ఉండే గొట్టంలో వేడి ఎక్కువే గానీ, దాని ఒళ్లు అంత వేడెక్కదన్నమాట. సహారా ఎడారిలోని వెండి చీమ ఒళ్లు 53 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కొద్ది నిమిషాలు మాత్రమే బయటికి వచ్చి, వేడికి చచ్చిన పురుగులను ఏరుకుని పోతుంది. దాని ఒంటి మీద మూడు పలకల వెంట్రుకలు ఎండను తిప్పికొడతాయి. మన గుట్టల మీద తొండ చేసేదీ తెలివే. బండ కాలగానే సందులో నీడకు పోతుంది. పెద్ద జంతువులు వేడిని గెలిచేది ఎక్కువగా తప్పుకోవడం ద్వారానే.

మొక్కల్లో ఒక్క ఉదాహరణ చాలు. ఎల్లోస్టోన్‌లో వేడి నేలలో పెరిగే ఒక గడ్డి 65 డిగ్రీల మట్టిని తట్టుకుంటుంది. దాని వేళ్లలో ఒక బూజు ఉంటుంది. బూజును తీసేస్తే గడ్డి చస్తుంది. 2007లో ఇంకో సంగతి తెలిసింది. ఆ బూజులో ఒక వైరస్ ఉండాలి. వైరస్‌ను పోగొడితే బూజు, గడ్డి రెండూ ఆ వేడికి నిలవలేదు.

ఇక మీ ఇంటికి సంబంధించిన భాగం. దీన్ని మాత్రం నిదానంగా చదవండి.

టైఫాయిడ్, కలరా, జిగట విరేచనాల క్రిములు, అమీబా, కామెర్ల వైరస్‌లు, తాగే నీళ్లతో వచ్చే ఇవన్నీ మామూలు తడి క్రిములు. 60, 70 డిగ్రీల దగ్గరే వీటి పని అయిపోవడం మొదలవుతుంది. నీళ్లు తెర్లి బుడగలు బాగా కదిలే దాకా వచ్చి ఒక నిమిషం ఉంటే చాలు. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి పాశ్చరైజ్ చేసేది కూడా ఈ ధీమాతోనే. పావుగంట మరిగించాలనే భయం అక్కర్లేదు, గ్యాస్ దండగ.

మరిగినా చావనివి కొన్ని బాక్టీరియాల స్పోర్లు. వీటిని విత్తన రూపాలు అనుకోండి. తిండి, నీళ్లు కరువైనప్పుడు బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతులు తమ లోపలే ఒక గట్టి గుళిక కట్టుకుంటాయి. దాని నడిమధ్యలో నీళ్లు చాలా తక్కువ, డైపికోలినిక్ ఆమ్లం, కాల్షియం కలిసి ఆ చోటును నింపుతాయి, పైన పొర మీద పొర. 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లను మరిగించినా ఈ స్పోర్లు మిగలడం చూశారు. మరుసటి ఏడాది బ్రిటన్‌లో జాన్ టిండాల్ దానికి ఉపాయం కనిపెట్టారు. ఒకసారి మరిగించి, చల్లార్చి, మర్నాడు మళ్లీ, ఆ తర్వాతా మళ్లీ. మధ్యలో స్పోర్లు మొలకెత్తుతాయి, మొలకెత్తినవి మామూలు క్రిములే కాబట్టి తర్వాతి మరుగుకు చస్తాయి. నిద్రలో ఉన్నదాన్ని చంపలేకపోతే లేచేదాకా ఆగి చంపడం. ఆటోక్లేవ్ లేని చోట ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందా అని చూడ్డానికి మేం వాడేదీ జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా స్పోర్లనే. అవి చస్తే మిగతావన్నీ చచ్చినట్టే.

మరిగించిన నీళ్లలో ఈ స్పోర్లు కొన్ని ఉన్నా, తాగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు. మట్టిలో, గింజల మీద, గాలి దుమ్ములో రోజూ మన కడుపులోకి పోతూనే ఉన్నాయి. ప్రమాదం వాటికి మొలకెత్తి పెరిగే చోటు దొరికినప్పుడే.

అట్లాంటి చోట్లలో మొదటిది వండిన అన్నం. బాసిల్లస్ సెరియస్ స్పోర్లు బియ్యంతోనే వస్తాయి, అన్నం ఉడికినా మిగులుతాయి. ఫంక్షన్లలో పెద్ద డేగిశాలో పొద్దున వండిన అన్నం మూతపెట్టి రాత్రిదాకా ఉంచుతారు కదా, మే నెలలో ఆ గోరువెచ్చని అన్నం దానికి పండగే. అది పెరుగుతూ ఒక విషం వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచినా చెడదు. అంటే మళ్లీ వేడి చేసినా, తాలింపు పెట్టి పులిహోర చేసినా వాంతులు తప్పవు. అన్నం వండిన రెండు గంటల్లో తినండి. మిగిలితే వెడల్పు పళ్లెంలో పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మా విద్యార్థుల్లో ఎంతమందికి ఈ ఒక్క విషయం జీవితంలో పనికొచ్చిందో నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

రెండోది తేనె. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. కండరాలు చచ్చుబడిపోయే బోటులిజం అనే జబ్బును తెచ్చే క్లాస్ట్రిడియం స్పోర్లు తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తలేవు, ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలకెత్తగలవు. తేనెను వేడి చేసి పెట్టినా లాభం లేదు. ఏడాది నిండేదాకా వద్దు. మూడోది గాయం. ధనుర్వాతం స్పోర్లు మట్టిలో, పేడలో ఉంటాయి. ఇంట్లో మరిగించిన బ్లేడు శుద్ధమైందని అనుకోకూడదు, గాయమైతే టీటీ ఇంజెక్షన్ వాయిదా వేయకూడదు.

మామిడికాయ పచ్చడి గురించి భయపడొద్దు. పులుపు, ఉప్పు ఎక్కువ ఉన్నచోట బోటులిజం స్పోర్లు మొలకెత్తవు. పల్లీల విషయం వేరు. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి పండించేవాళ్లకు తెలుసు, కాయ తడిగా కుప్పేస్తే బూజు పడుతుంది. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు. బూజు చచ్చినా దాని విషం మిగులుతుంది. ముడుచుకుపోయిన, రంగు మారిన గింజను ఏరి పారేయడమే దారి.

మీ ఊళ్లోనే వేడి ప్రేమికులను చూడాలంటే పెంటకుప్ప దగ్గరికి వెళ్లండి. తడి ఆరని పెద్ద కుప్పను చలికాలం పొద్దున తవ్వితే ఆవిరి లేస్తుంది. లోపల 55 నుంచి 65 డిగ్రీలు. అది ఎండ వేడి కాదు, క్రిములు పేడను, చెత్తను తింటూ పుట్టించిన వేడి. మొదట మామూలు క్రిములు వేడి పుట్టించి, ఆ వేడికి తామే చచ్చి, వేడిని ఇష్టపడే బాక్టీరియాలకు, బూజులకు చోటిస్తాయి. ఆ దశలోనే కలుపు గింజలు, రోగాల క్రిములు చస్తాయి. అంచుల్లో ఉన్నది లోపలికి వచ్చేలా కుప్పను తిరగేయమని చెప్పేది అందుకే.

పొలానికీ ఈ లెక్క పనికొస్తుంది. కందికి వచ్చే ఎండు తెగులు బూజు మట్టిలో ఉంటుంది. మే నెలలో దున్నిన నేలకు నీళ్లు పెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి కొన్ని వారాలు ఉంచితే మట్టి పైపొర 50 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆ బూజు చాలావరకు చస్తుంది. ఇజ్రాయెల్‌లో 1976లో మొదలైన ఈ పద్ధతిని పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కంది మీద, శనగ మీద పరీక్షించారు. నీళ్లు పెట్టకుండా షీటు కప్పితే ఫలితం బాగా తగ్గుతుంది. ఎందుకో మీ అబ్బాయి ఇప్పుడు చెప్పగలడు.

చివరగా మీ బండ. చచ్చిన రాయిలా కనిపించే దాని మీదా జీవం ఉంది. వాననీళ్లు జారే దారుల్లో కనిపించే నల్లటి చారలు చాలావరకు నీలి ఆకుపచ్చ బాక్టీరియాల పొరలే. వేసవంతా ఎండిపోయి 60 డిగ్రీల్లో ఓర్చుకుని, తొలకరి తగలగానే మళ్లీ పనిలోకి దిగుతాయి. గుట్ట అంచుల్లో, గట్టి ఎర్రనేల మీద నల్లటి పెళుసు పెచ్చులు కూడా దొరుకుతాయి, అది నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా. వానాకాలంలో అదే ఆకుపచ్చ జిగురు ముద్దలా ఉంటుంది.

బాబుతో ఒక ప్రయోగం చేయించండి. పెచ్చులను మూడు భాగాలు చేయాలి. ఒకటి మామూలు నీళ్లలో వేయాలి, కాసేపట్లో ఉబ్బి పచ్చబడుతుంది. రెండోది పొడిగానే రేకు డబ్బా మూతలో పెట్టి మధ్యాహ్నమంతా బండ మీద ఉంచి, సాయంత్రం నీళ్లలో వేయాలి. మూడోదాన్ని ముందు తడిపి, పచ్చబడ్డాక వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచి తీయాలి. వేడినీళ్ల పని మాత్రం మీరే చేయండి. తర్వాత మూడింటినీ వేర్వేరు గాజు గ్లాసుల్లో, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర రెండు మూడు వారాలు ఉంచి, ఏది పచ్చగా నిలిచింది, ఏది రంగు పోయి కుళ్లింది అని రోజూ రాసుకోమనండి. బండ వేడిని కూడా కొలవాలంటాడు. దానికి జ్వరం చూసే థర్మామీటర్ ఇవ్వకండి, అది 42 దాకే, పగిలితే పాదరసం బయటికి వస్తుంది. స్కూలు ల్యాబులో 110 డిగ్రీల దాకా చూపించే థర్మామీటర్ ఉంటుంది, సైన్స్ సార్‌ను అడిగి తెచ్చుకోమనండి.